కాలువ గట్టు మీద పరుగు: వాచీ చూపే రెండు అంకెలు

గుండె వేగం కొలిచే వాచీ కట్టుకుని జోన్ 4లో అరగంటకు పైగా పరుగెత్తినా, ట్రైనింగ్ ఎఫెక్ట్‌లోని అనెరోబిక్ (ఆక్సిజన్ చాలనంత గట్టి, చిన్న శ్రమ) అంకె 0.2 దాటలేదంటే వాచీ పాడైనట్టు కాదు. జోన్ అంటే ఆ క్షణాన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో 1 నుంచి 5 దాకా మెట్లుగా చెప్పేది. ట్రైనింగ్ ఎఫెక్ట్ అంటే ఆ పరుగు మొత్తం శరీరం మీద వేసిన భారం.

గార్మిన్ వాచీల్లో ఈ ట్రైనింగ్ ఎఫెక్ట్ లెక్క ఫస్ట్‌బీట్ అనే సంస్థది, 0 నుంచి 5 దాకా ఉంటుంది. 2 దాటితే ఉన్న దమ్ము నిలుస్తుంది, 3 దాటితే పెరుగుతుంది, 5 అంటే శరీరానికి మించిన పని. ఏరోబిక్ (ఆక్సిజన్‌తో నిలకడగా సాగే శ్రమ) అంకె నిమిషాలు గడిచేకొద్దీ పోగవుతుంది. అనెరోబిక్ అలా పోగవదు. 10 నుంచి 120 సెకన్ల దాకా గట్టిగా పరుగెత్తి, తేరుకుని, మళ్లీ ఎత్తుకుంటేనే కదులుతుంది. చిన్న పరుగులో గుండె వేగం పెరిగేలోపే పరుగు అయిపోతుంది కాబట్టి వాచీ మన వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

జోన్లు మామూలుగా గరిష్ఠ గుండె వేగంలో (నిమిషానికి గుండె కొట్టుకోగల అత్యధిక సార్లు) శాతాలే. 220లోంచి వయసు తీసేస్తే 40 ఏళ్లకు 180, జోన్ 2 (60–70 శాతం) అంటే 108 నుంచి 126. 60 ఏళ్లకు ఈ లెక్క 160 అంటుంది, 208లోంచి వయసులో 0.7 వంతు తీసే లెక్క 166 అంటుంది. ఏదైనా సగటే, మనిషి మనిషికీ పది పైనే తేడా రావచ్చు. ఆరోగ్యవంతులు బాగా వార్మప్ చేసి, మూడు నిమిషాల చొప్పున మూడు సార్లు గట్టిగా పరుగెత్తి, చివరిసారి పూర్తి బలంతో వెళ్లి, కనిపించిన పెద్ద అంకెను వాచీలో పెట్టుకోవడం మేలు. గుండె జబ్బు ఉన్నా, బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నా ముందు డాక్టర్ని అడగండి. ఆ మాత్రలు గుండె వేగాన్ని అణిచిపెడతాయి, జోన్లు తప్పుతాయి.

మన డెల్టాలో అసలు చిక్కు ఉక్కపోత. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరూ తగ్గుతుంది. దాంతో ఒక్కో కొట్టుకు గుండె పంపే రక్తం తగ్గి, అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. మే నెలలో అమలాపురం గట్టు మీద నింపాదిగా వెళ్తున్నా జోన్ 3 వస్తే, ఏరోబిక్ అంకె ఉబ్బుతుంది. దాన్ని దమ్ము పెరిగిందని అనుకోకండి. తెల్లవారుజామునే బయల్దేరి, వేగం తగ్గించైనా జోన్ 2లోనే ఉండండి.

అనెరోబిక్ రోజుకు మన చదును నేలే చాలు. 15 నిమిషాలు వార్మప్, 30 సెకన్ల పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఆరుసార్లు. మర్నాడు మాత్రం మెల్లగానే. ఇలా గట్టిగా పరుగెత్తే రోజున మణికట్టు సెన్సార్ వెనకబడుతుంది, ఒక్కోసారి అడుగుల లెక్కనే గుండె లెక్కగా చూపిస్తుంది. ఛాతీ పట్టీ కట్టుకోండి, దాని లోపలి ఎలక్ట్రోడ్లు (గుండె సంకేతాన్ని అందుకునే భాగాలు) నీళ్లతో తడిపి మరీ కట్టండి. పొడిగా ఉంటే మొదటి పది నిమిషాలు చూపేవన్నీ తప్పుడు అంకెలే కావచ్చు.