లండన్‌లో షాపులు మూసిన రోజు

డిసెంబరు 25న లండన్‌లో రైళ్లు తిరగవు. ట్యూబ్ అనే భూగర్భ మెట్రో ఉండదు, ఎర్ర బస్సులూ ఉండవు. అక్కడ కొన్నాళ్లు ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. పని మీద నన్ను అక్కడికి పంపిన మా ఆఫీసులో టికెట్లు బుక్ చేసేవాళ్లకు మాత్రం పట్టలేదు. తిరుగు ప్రయాణానికి ఆ రాత్రి విమానం చవగ్గా వస్తోందని అదే ఖాయం చేశారు. మామూలు రోజుల్లో అయితే నేను ఉన్న వైట్‌చాపెల్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కి నేరుగా హీత్రో విమానాశ్రయంలో దిగొచ్చు. అప్పట్లో 13 పౌండ్ల పైచిలుకు, ముప్పావు గంట. క్రిస్మస్ రోజు అదే దూరానికి క్యాబ్ వాళ్లు 95 పౌండ్లు చెప్పారు. ఇంకోచోట అడిగితే 110. ఇంత ఎందుకంటే, "సర్, క్రిస్మస్ కదా" అన్నారు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. డిసెంబరు మొదలైనప్పటి నుంచి ఆ నగరంలో నేను వెతుకుతున్నది ఆ క్రిస్మస్ కోసమే. చివరికి నాకు దొరికింది చార్జీ పెంచడానికి ఒక సాకుగా!

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినవాణ్ణి. క్రిస్మస్ అంటే మాకు నెల మొదట్లోనే మొదలయ్యే ఇంటింటి పాటలు, చలిలో తెల్లవారుజామున ఆరాధన, అయ్యగారి వాక్యం. లండన్ వెళ్లమన్నప్పుడు, మా తాతలకు సువార్త చెప్పిన మిషనరీలు వచ్చిన దేశంలో ఈ పండగ ఎలా జరుగుతుందో చూడొచ్చని ఆశపడ్డాను. తీరా వెళ్లి చూస్తే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీద వేలాది లైట్లు, షాపుల అద్దాల్లో జింకలు, మంచు బొమ్మలు, పెంగ్విన్లు. బేత్లెహేములో పుట్టిన బిడ్డకూ పెంగ్విన్లకూ ఏమిటి సంబంధం? ఆఫీసు పార్టీలో తలకు కాగితపు కిరీటాలు పెట్టుకున్నారు, చీటీలు తీసి ఒకరికొకరు బహుమతులిచ్చుకున్నారు, తాగారు. ఒక పాట లేదు, ఒక ప్రార్థన లేదు. పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డ ప్రస్తావన ఎవరి నోటా రాలేదు.

వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి తాము క్రైస్తవులమని రాసినవాళ్లు 46.2 శాతం. లెక్కల్లో సగానికి తగ్గడం అదే మొదటిసారి. ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. వైట్‌చాపెల్ ఉన్న టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో అయితే ముస్లింలు దాదాపు 40 శాతం, క్రైస్తవులు 22 శాతం. నా పక్క సీటులో కూర్చునే అతను, దేవుడి మీద తనకు నమ్మకం లేదని మొదటి రోజే చెప్పేశాడు. అయినా క్రిస్మస్ లేని డిసెంబరును మాత్రం ఊహించలేనన్నాడు. అప్పుడు ఆ మాట నాకు బొత్తిగా అర్థం కాలేదు.

ఇంకొకావిడ వేరే మాట చెప్పింది. బయటి మతాలవాళ్లు నొచ్చుకుంటారని క్రిస్మస్ పేరెత్తడానికే భయపడే రోజులొచ్చాయని. దానికి సాక్ష్యంగా బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 'వింటర్‌వల్' అని పేరు మార్చేసిన కథ వినిపించింది. ఆ కథ నిజం కాదు. 1997, 1998ల్లో ఆ కౌన్సిల్ చలికాలంలో జరిపే కార్యక్రమాలన్నిటికీ కలిపి ప్రచారం కోసం ఆ పేరు పెట్టుకుంది. అందులో క్రిస్మస్ క్రిస్మస్‌గానే ఉంది. పండగనే రద్దు చేశారని పత్రికలు రాశాయి, జనం ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నారు. నేను తిరిగినంత మేర చూస్తే క్రిస్మస్‌లోంచి క్రీస్తును తోసేసింది మసీదూ కాదు, గురుద్వారా కాదు. బజారు.

25 పొద్దున గది ఖాళీ చేసి, పెట్టె హాస్టల్ కౌంటర్ దగ్గర పెట్టి, ఆరాధనకి సెయింట్ పాల్స్ కెథడ్రల్ చర్చికి నడిచి బయల్దేరాను. ఎనిమిది దాటితేగానీ తెల్లారదు. వైట్‌చాపెల్ రోడ్డు ఏ రోజైనా బళ్లతో, కూరగాయల కొట్లతో కిటకిటలాడుతుంది. ఆ పొద్దున రోడ్డు మధ్యలో నడిచినా అడిగేవాళ్లు లేరు. ఈస్ట్ లండన్ మసీదు ముందు ఒకరిద్దరు పెద్దాయనలు. ఒక చిన్న కిరాణా కొట్టు తెరిచి ఉంటే నీళ్ల సీసా కొన్నాను. పెద్ద సూపర్‌మార్కెట్లన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. సెలవు కాబట్టి వాళ్లంతట వాళ్లే మూసుకున్నారనుకునేరు, కాదు. 2004లో దీనికోసం ఒక చట్టమే చేశారు. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో 280 చదరపు మీటర్లు దాటిన షాపు క్రిస్మస్ రోజు తెరవకూడదు, తెరిస్తే 50 వేల పౌండ్ల వరకూ జరిమానా. ఆ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టింది చర్చి పెద్దలు మాత్రమే కాదు, షాపుల్లో పనిచేసేవాళ్ల యూనియన్ కూడా. కొన్ని పెద్ద కంపెనీలు ఆ రోజు కూడా తలుపులు తెరవడం మొదలుపెట్టేసరికి, ఈ ఒక్కరోజూ పోతే ఇక మిగిలేదేమీ లేదని వాళ్లకు భయం పట్టుకుంది.

ఇదే దేశంలో ఒకప్పుడు దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. 1647లో ప్యూరిటన్ల, అంటే ఛాందస ప్రొటెస్టెంట్ల, పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. లేఖనాల్లో లేని పండగ అని వాళ్ల అభ్యంతరం. ఆ ఏడాది డిసెంబరు 25న కాంటర్‌బరీ మేయరు షాపులు తెరవాల్సిందేనని హుకుం జారీ చేస్తే, తెరిచిన దుకాణాల మీద జనం విరుచుకుపడ్డారు. 1660లో రాజరికంతో పాటే పండగా తిరిగొచ్చింది. స్కాట్లండ్‌లో అయితే 1958 దాకా క్రిస్మస్‌కు సెలవే లేదు. పూర్వం అందరూ భక్తిగా చేసుకునేవారని, ఇప్పుడే పాడైపోయిందని మనం అనుకుంటాం. అక్కడి చరిత్ర అలా లేదు. ఈ పండగ ఉండాలా వద్దా అని వాళ్లు తరతరాలుగా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

కాస్త చుట్టయినా బ్రిక్ లేన్ మీదుగా వెళ్లాను. ఫోర్నియర్ స్ట్రీట్ మూల మీద ఒక ఇటుకల కట్టడం ఉంది. ఫ్రాన్స్‌లో హింస తట్టుకోలేక వచ్చిన హ్యూగనో ప్రొటెస్టెంట్ల కోసం 1743లో ప్రార్థనా మందిరంగా కట్టారు. తర్వాత మెథడిస్టుల చేతికొచ్చింది. 1898లో యూదుల సినగాగ్ అయింది. 1976 నుంచి మసీదు. గోడలు అవే, లోపల మోకరించే మనుషులు మారారు. మందిరం చేయి మారితే మన దగ్గర ఎంత రక్తం పారుతుందో తలుచుకుంటూ అక్కడ కొంచెంసేపు నిలబడ్డాను.

సెయింట్ పాల్స్‌ చూడటానికి మామూలుగా అయితే 20 పౌండ్ల పైనే టికెట్టు. దేవుడి ఇంటికి టికెట్టేమిటని వచ్చిన కొత్తలో లోపలికే వెళ్లలేదు. ఆరాధనకు వచ్చేవాళ్లకు మాత్రం ఎప్పుడూ ఉచితమే. గోపురం కింద కుర్చీలు దాదాపు నిండాయి. టూరిస్టులు ఉన్నారు, నైజీరియా దుస్తుల్లో కుటుంబాలు ఉన్నాయి, ఒంటరిగా వచ్చిన ముసలివాళ్లు చాలామంది. నా పక్కన కూర్చున్న ఇంగ్లీషు పెద్దావిడ పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడింది. ప్రభురాత్రి భోజనానికి, అంటే రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి, అందరూ లేచినప్పుడు మాత్రం కదల్లేదు. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాక తనే చెప్పింది. "నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు కదా, మర్చిపోలేను. ఈరోజు ఊరంతా మూసేస్తారు. తలుపు తీసి ఉండేది ఇక్కడొక్కటే."

ఎలా వచ్చారని అడిగితే, నడిచే వచ్చానంది. వయసు డెబ్బై దాటి ఉంటుంది. బస్సులు ఆపేయడం వల్ల కారు లేనివాళ్లకు, ఒంటరివాళ్లకు ఈ రోజు ఎంత కష్టమో ఆమెను చూశాకే నాకు తట్టింది. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో డ్యూటీలకు వెళ్లేవాళ్ల సంగతీ అంతే. అందరికీ విశ్రాంతి అంటారు గానీ అది అందరికీ సమానంగా అందట్లేదు. కొన్ని బస్సులైనా నడపాలి. డ్రైవర్లకు రెట్టింపు జీతం ఇచ్చయినా సరే.

మధ్యాహ్నం దాటాక క్యాబ్ వచ్చింది. డ్రైవర్‌కు నలభై ఏళ్లుంటాయి. తల్లిదండ్రులది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్, తను పుట్టింది వైట్‌చాపెల్‌లోనే. ఇంగ్లీషులో మొదలుపెట్టి, నాది ఇండియా అనగానే సినిమాల్లో నేర్చిన హిందీ కలిపాడు. "భాయ్, రేటు ఎక్కువని తిట్టుకుంటున్నావు కదా?" అని తనే అడిగాడు. అవునన్నాను. కంపెనీ తీసుకునేది పోను చేతికి ఎంత వస్తుందో చెప్పాడు. ఆ తర్వాత దాని గురించి నేనేమీ అనలేదు.

థేమ్స్ పక్కన ఎంబ్యాంక్‌మెంట్ మీద ఒక్క సిగ్నల్ దగ్గర కూడా వరస లేదు. నగరం నడిబొడ్డులో బండి నడిపితే కట్టాల్సిన కంజెషన్ చార్జీ కూడా ఈరోజు ఉండదని చెప్పాడు. సరిగ్గా మూడింటికి రేడియో సౌండు పెంచాడు. రాజుగారి క్రిస్మస్ సందేశం. 1932లో ఐదో జార్జి మొదలుపెట్టిన ఆనవాయితీ అది. నాకు ఆశ్చర్యమేసి, మీరూ వింటారా అన్నాను. "మా నాన్న ఈ దేశం వచ్చిన ఏటి నుంచీ వినేవాడు. ఇంగ్లీషు నేర్చుకోవడానికట. ఇప్పుడు నాకు అలవాటైపోయింది."

పండగ పూట పనేంటని అడిగాను. అతని స్టాండులో ఒక పోలండ్ డ్రైవరున్నాడట. క్రిస్మస్ ముందు రోజూ, క్రిస్మస్ నాడూ అతను బండి తీయడు, అతని బేరాలు ఇతను చూసుకుంటాడు. రంజాన్‌కీ, బక్రీద్‌కీ అతను ఇతనివి చూస్తాడు. "ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం. ఎందుకంటే ఈద్‌కి మాకు సెలవు లేదు. మా ఆవిడ షాపులో పనిచేస్తుంది. నెలవంక కనిపిస్తేగానీ పండగ ఏ రోజో తేలదు, మేనేజరేమో నెల ముందే తారీకు రాసివ్వమంటాడు. పోయినసారి నమాజు అయిన గంటకే డ్యూటీకి పోయింది."

నాకు బాధనిపించింది. మన దగ్గర క్రైస్తవులు 2011 లెక్కల ప్రకారం 2.3 శాతమే అయినా క్రిస్మస్‌కు సెలవుంది, రంజాన్‌కు ఉంది, దీపావళికి ఉంది. అయితే పండగలకు బజారు అంతటా మూతపడదు. సెలవు ఉద్యోగికి దక్కినట్టు షాపులో నిలబడే పిల్లకు దక్కదు. అక్కడేమో ఒకే మతం పండగలకు సెలవు, కానీ క్రిస్మస్ సెలవు షాపు పిల్లకూ దక్కుతుంది. రెండిట్లో ఏది మేలంటే నేను తేల్చలేను. రెండూ కావాలంటాను.

మీ పిల్లలు క్రిస్మస్ చేసుకుంటారా అంటే నవ్వాడు. కూతురికి ఆరేళ్లు. బడిలో వేసిన యేసు జననం నాటకంలో దేవదూత వేషం వేసిందట. బంధువుల్లో ఒకాయన తప్పన్నాడు. "నేనన్నాను, ఈసా అంటే యేసే, ఆయన మాకూ ప్రవక్తే కదా. ఆయన తల్లి మర్యం పేరు మీద ఖురాన్‌లో ఒక సూరా, అంటే అధ్యాయమే ఉంది. మా పాప నాటకం అయిపోయాక టీచర్ని అడిగిందంట, ఖర్జూరం చెట్టేది అని." ఖురాన్‌లో మర్యం బిడ్డను కన్నది ఖర్జూరపు చెట్టు మొదట్లో. టీచర్ నవ్వేసి ఊరుకోలేదట. ఆ కథ క్లాసులో అందరికీ చెప్పమందట. పశువుల తొట్టి కథ విన్న పిల్లలే ఖర్జూరం చెట్టు కథా విన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ లైట్ల కింద ఒక్కరోజూ కలగలేదు. నెలంతా నేను వెతికిన బిడ్డ గురించి ఆ దేశంలో నాతో మనస్ఫూర్తిగా మాట్లాడిన మొదటి మనిషి ఒక ముస్లిం. నమ్మకం లేని పెద్దావిడ పాటలు మర్చిపోలేదు. ఇతను ఆయన్ను ప్రవక్తగా తలుచుకుంటున్నాడు. నేను ప్రభువంటాను. ముగ్గురం వేర్వేరు మాటలు చెబుతున్నా, అవి చెప్పుకోవడానికి తీరిక ఇచ్చింది ఆ మూతపడిన రోజే. మామూలు గురువారమో శుక్రవారమో అయితే నేను రైల్లో ఫోన్ చూసుకుంటూ పోయేవాణ్ణి.

హీత్రోలో దిగేటప్పుడు "హ్యాపీ క్రిస్మస్, భాయ్" అన్నాడు. రాబోయే ఈద్‌కు ముందే ముబారక్ చెప్పాను. ఇంకో రెండు ట్రిప్పులున్నాయనీ, అవి అయ్యాక వదినగారింట్లో హలాల్ టర్కీ కోడి భోజనమనీ చెప్పి వెళ్లాడు.

సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్తే అక్కడ అన్నీ తెరిచే ఉన్నాయి. సెంట్లు, చాక్లెట్లు, గడియారాలు, రేపటి తగ్గింపు ధరలు ఈరోజే. కౌంటర్లో సాంటా టోపీ పెట్టుకున్న అమ్మాయిని ఇంటికెప్పుడు వెళ్తావని అడిగాను. రాత్రి పదికి డ్యూటీ అయిపోతుందనీ, రైళ్లు లేవు కాబట్టి ముగ్గురు కలిసి క్యాబ్ మాట్లాడుకున్నామనీ చెప్పింది. ఆ డబ్బులు కంపెనీ ఇస్తుందా అంటే తల అడ్డంగా ఊపింది. 2004 చట్టం నుంచి విమానాశ్రయాల్లోని షాపులను మినహాయించారు. మందుల షాపును మినహాయించారంటే అర్థముంది. క్రిస్మస్ రాత్రి సెంటు సీసా కొనకపోతే ప్రాణం పోయే ప్రయాణికుడు ఎవరూ ఉండరు. ఆ మినహాయింపు తీసేయాలి.