అమలాపురం దారిలో ఒక ప్రొజెక్టర్ క్యాబిను

మూతపడిన సినిమా హాళ్లలో మిగిలిపోయిన ప్రొజెక్టర్లను ఇప్పటికీ బాగుచేస్తున్న ఒక పాత ఆపరేటరుగారు అమలాపురం దగ్గర ఉన్నారని తెలిసి, ఆ పనిని కళ్లారా చూడాలన్న కోరికతో రాజమండ్రిలో బస్సెక్కాను. జొన్నాడ దగ్గర గౌతమి దాటి రావులపాలెం చేరేసరికి దారి పొడవునా కొబ్బరితోటలు, గాలినిండా చెమ్మ. ఆ చెమ్మ వల్లనే లెన్సులకు బూజు పడుతుందనీ, వాడకం లేని యంత్రంలో నూనె జిగురుకట్టి పళ్లచక్రాలు బిగుసుకుపోతాయనీ హాలు మెట్లెక్కుతూనే ఆయన చెప్పనారంభించారు.

క్యాబినులో రెండు యంత్రాలు పక్కపక్కనే ఉన్నాయి. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది కనుక 2,000 అడుగుల రీలు 22 నిమిషాలకే అయిపోయేది. అది ముగిసేలోగా రెండో యంత్రంలో దీపంగా మండే కార్బన్ కడ్డీలు వెలిగించి సిద్ధంగా ఉండవలసి వచ్చేది.

ఆ రోజు పని చాలావరకు, ఫిల్మును ఒక్కో బొమ్మ చొప్పున ముందుకు జరిపే మాల్టీస్ క్రాస్ మీదే సాగింది. నాలుగు గాడులున్న ఆ చిన్న ఉక్కు చక్రాన్ని, సెకనుకు 24 చుట్లు తిరిగే పిన్ను ఒక్కో చుట్టుకు పావు వంతు జరుపుతుంది. ఆ చుట్టులో నాలుగో వంతు కాలం మాత్రమే ఫిల్ము కదులుతుంది, మిగతా మూడు వంతులూ గేటులో, అంటే దీపకాంతి ఫిల్ము మీద పడే చోట, నిశ్చలంగా నిలుస్తుంది. పిన్ను వెంట్రుకవాసి అరిగినా తెర మీద బొమ్మ ఊగుతుంది. ఆయన కిరసనాయిలుతో పాత నూనెను కడిగి, క్రాసును వేలితో అటూఇటూ ఆడించి, "ఈ లూజు చూడండి బాబూ, చేతికి తెలుస్తుందిగానీ కంటికి కనబడదు" అన్నారు. నేనూ వేలు పెట్టి చూశాను. నిజంగానే సన్నని కదలిక తగిలింది. గేటులో గట్టిపడిన ఫిల్ము పొరను మాత్రం ఆయన ఉక్కు బ్లేడుతో కాక వెదురుపుల్లతో ఓపిగ్గా గీకారు, ఎందుకంటే గేటు మీద పడిన గీత ఆ తరువాత నడిచే ప్రతి రీలు మీదా పడుతుంది.

సాయంత్రం ఒక పాత ఫిల్ము ముక్క ఎక్కిస్తూ కింది లూపును, అంటే గేటు కింద ఫిల్మును వదులుగా ఉంచే వంపును, రెండుసార్లు సవరించారు. అది తగ్గినా పెరిగినా గేటుకూ, ధ్వనిని చదివే దీపానికీ మధ్య ఉండవలసిన సుమారు 20 ఫ్రేముల దూరం మారిపోయి మాటకూ పెదవికీ పొంతన కుదరదట.

కొత్త పిన్నులు దొరకక, మూలపడిన యంత్రాల నుంచి తీసినవాటినే ఆయన వాడుతున్నారు. అందుకే పాత ప్రొజెక్టర్లను తుక్కు ధరకు అమ్మదలచిన యజమానులు ముందుగా ఆ క్రాసునూ లెన్సునూ విప్పించి, వాటి విలువ తెలిసిన ఇటువంటి చేతులకు అప్పగించాలని కోరుతున్నాను.