వాగు బాగుచేయాలంటే ముందు పైకి నడవాలి

వాగు ఒడ్డు కోసుకుపోతోంది అనగానే అందరి చూపూ ఆ ఒడ్డు మీదే ఉంటుంది, రాళ్లు పేర్చేద్దాం, గోడ కట్టేద్దాం, మొక్కలు నాటేద్దాం అంటారు. ఆ తొందర చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ కోత చాలాసార్లు అక్కడ పుట్టింది కాదు, పైన ఎక్కడో చెట్లు కొట్టేసిన వాలు మీదో, కొత్తగా కాంక్రీట్ పోసిన చోటో మొదలైంది. ఒక హెక్టారు మీద 1 మిల్లీమీటరు వాన పడితేనే 10,000 లీటర్లు, నేల గుల్లగా ఉంటే చాలావరకు ఇంకిపోతాయి, గట్టిపడిపోయి ఉంటే అన్నీ ఒకేసారి వాగులోకి దూకుతాయి. అందుకే ముందు వాటర్‌షెడ్ మొత్తం, అంటే వాన నీళ్లు ఈ వాగులోకి వచ్చే నేలంతా చూడాలి, నీళ్లు విడిపోయే గట్టు దాకా నడిచి వెళ్లి మరీ.

నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కి పంపితే చాలదా అంటారు. పంపాలి, కానీ సీసాలో ఉన్నది ఆ నిమిషం నీళ్లే కదా. నాచు బాగా పట్టిన నీళ్లలో ఆక్సిజన్ మధ్యాహ్నం కొలిస్తే భేషుగ్గా ఉంటుంది, అదే చోట తెల్లవారుజామున చూస్తే పడిపోయి ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటుంది.

నాకైతే వాగులో రాయి తిప్పి, కింద ఏ పురుగులున్నాయో చూడటం మీదే ఎక్కువ నమ్మకం. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై అనే కీటకాల పిల్లలు నెలల తరబడి నీళ్లలోనే బతుకుతాయి, మధ్యలో ఒక్కసారి నీళ్లు పాడైనా తట్టుకోలేక పోతాయి. అవి లేకుండా ఎర్ర పురుగులే కనిపిస్తున్నాయంటే ఆక్సిజన్ తక్కువేమో అని అనుమానించాల్సిందే, ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది, తక్కువ ఆక్సిజన్‌లోనూ బతకడానికి వాటికున్న ఏర్పాటు. అయితే ఒక్క వాగు చూసి ఏమీ తేల్చకూడదు, అదే రకం నేల, అదే వాలు ఉండి పెద్దగా పాడవని ఇంకో వాగుతో పోల్చుకోవాలి.

అమెరికాలోని ఫ్లోరిడాలో కిసిమ్మీ నది సంగతే చూడండి. సుమారు 166 కిలోమీటర్ల వంకర నదిని 1962 నుంచి 1971 దాకా తవ్వి 90 కిలోమీటర్ల కాలువ చేసేశారు, చుట్టూ ఉన్న చిత్తడి నేలలు ఎండిపోయాయి, పక్షులు తగ్గిపోయాయి. మళ్లీ పాత దారికి మళ్లించే పని 1999లో మొదలై 2021 దాకా సాగింది. పని మొదలవక ముందే చేపలు, పక్షులు, ఆక్సిజన్ అన్నీ కొలిచి పెట్టుకున్నారు కాబట్టే తర్వాత ఏం తిరిగొచ్చిందో చెప్పగలిగారు.