దీపాలు పెట్టే వేళకు పోయే 9.1

2025 నవంబర్ 16, ఆదివారం

ఇవాళ కూడా పోయింది. అటకలోని యాంటెనాతో పట్టే టీవీ ఛానెల్ 9.1, సాయంత్రం 4:50 దాకా అద్దంలా ఉన్నది, ఉన్నట్టుండి గళ్ళు గళ్ళుగా విరిగింది, మాట ముక్కలైంది, కాసేపటికి నల్ల తెర మిగిలింది. రెండు నెలలుగా ఇదే వరస.

మిగతావి బాగున్నాయి. 4, 5, 7 ఛానెళ్ళు మూడూ సియాటిల్ క్వీన్ యాన్ గుట్ట మీది టవర్ల నుంచి యూహెచ్‌ఎఫ్‌లో (టీవీ వాడే పై ఫ్రీక్వెన్సీ పట్టీ) వస్తాయి, సింబల్ క్వాలిటీ (తప్పుల్లేకుండా అందే డేటాకు కొలత) రోజంతా 100. నాకు ప్రాణం మాత్రం 9 మీదే. అది మా ఊరి పబ్లిక్ టీవీ. ఒకే సిగ్నల్‌లో నాలుగు వస్తాయి: 9.1లో హెచ్‌డీ, 9.2 మా పాపది, 9.3లో వంటలు, ప్రయాణాలు అమ్మవి, 9.4లో డాక్యుమెంటరీలు నావి. ఈ జులైలో పబ్లిక్ టీవీకి ఇచ్చే ఫెడరల్ నిధులు రద్దు చేశాక మా చందా పెంచాం కూడా. డబ్బు కట్టి నిలబెట్టుకుంటున్న ఛానెల్ మా ఇంట్లోనే కనబడకపోతే మనసు ఉసూరుమంటుంది.

"యాప్‌లో చూసుకోవచ్చు కదండీ" అంటుంది మా ఆవిడ. చూడొచ్చు. కానీ గాలిలోంచి నేరుగా వచ్చే 1080ఐ బొమ్మలో నీళ్ళ మీద ఎండ మెరిసే తీరు, గడ్డి కదిలే తీరు నాకు యాప్‌లో కనబడవు. పైగా ఇంటర్నెట్ పోయినా ఇది రావాలి. పోయిన ఏడాది నవంబర్ గాలివానకు కరెంటు పోయినప్పుడు ఆ విలువ తెలిసింది.

లెక్కలు ఇవీ. మేముండేది సియాటిల్ పక్కన బోథెల్‌లో. 9 టవర్ క్యాపిటల్ హిల్ మీద ఉంది, మా అటక నుంచి 11 మైళ్ళు, ఉత్తరం నుంచి లెక్కిస్తే 207 డిగ్రీల దిశలో. క్వీన్ యాన్ 219. ఇక్కడ దిక్సూచి సూది అసలు ఉత్తరానికి దాదాపు 15 డిగ్రీలు తూర్పుగా నిలుస్తుంది. ఫోన్‌లో ట్రూ నార్త్ పెట్టుకోకుండా తిప్పితే గురి ఎక్కడికో పోతుంది.

డిజిటల్‌కు మారాక చాలా స్టేషన్లు పేరుకు పాత నంబరు ఉంచుకుని యూహెచ్‌ఎఫ్‌కు వెళ్ళిపోయాయి. 9 వెళ్ళలేదు, 11 కూడా వెళ్ళలేదు. 9 ఇప్పటికీ 186 నుంచి 192 మెగాహెర్ట్జ్ మధ్యే, అంటే వీహెచ్‌ఎఫ్ అనే కింది పట్టీలోనే వస్తుంది. అక్కడ అర తరంగం పొడవు 79 సెం.మీ. కిటికీకి అంటించే రేకు యాంటెనా మీద వంద మైళ్ళని రాసినా, జానెడున్నర రేకుతో ఈ అలను గట్టిగా పట్టడం కష్టం. అందుకే అటకలో క్లియర్‌స్ట్రీమ్ 4వి అనే యాంటెనా పెట్టి, దానికి వీహెచ్‌ఎఫ్ డైపోల్ (రెండు కడ్డీల యాంటెనా) తగిలించాను. యూహెచ్‌ఎఫ్‌కు దీన్ని మించింది నేను వాడలేదు.

మా టీవీ ట్యూనర్ పెట్టె హెచ్‌డీహోమ్‌రన్‌లో 9 అంకెలు:

పగలు: బలం 84, క్వాలిటీ 91, సింబల్ 100.
చీకటి పడ్డాక: బలం 84, క్వాలిటీ 43, సింబల్ 0 నుంచి 60 మధ్య ఊగుతూ.

11 కూడా రాత్రి తగ్గుతుంది కానీ 60 దగ్గర నిలబడుతుంది. యూహెచ్‌ఎఫ్‌లో ఒక్క అంకె కూడా కదలదు.

ఇప్పటిదాకా పట్టుకున్న అనుమానాలు, వాటి గతి:

మొదట వాన అనుకున్నాను. దక్షిణం వైపు నాలుగు పెద్ద డగ్లస్ ఫర్ చెట్లున్నాయి, తడిస్తే సిగ్నల్‌ను మింగుతాయి. కానీ అక్టోబర్‌లో వరసగా ఐదు రోజులు చినుకు లేదు, ఐదు రోజులూ పోయింది. పైగా చెట్లు మింగితే ముందు యూహెచ్‌ఎఫ్ దెబ్బతినాలి.

తర్వాత సిగ్నల్ చాలడం లేదనుకుని దాన్ని పెంచే ప్రీయాంప్ పెట్టాను. ఛానెల్ మాస్టర్‌ది, మంచి సరుకే. బలం 100కి ఎక్కింది, రాత్రి క్వాలిటీ 39కి పడింది. అంటే ముందుకన్నా అన్యాయం. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. బలం పగలూ రాత్రీ ఒకటే అయినప్పుడు చాలకపోవడం అనే మాటే లేదు.

మూడోది నాకు బాగా నచ్చిన అనుమానం. ఇక్కడి పబ్లిక్ రేడియో కేయూఓడబ్ల్యూ 94.9 ఎఫ్ఎంలో వస్తుంది. రెట్టిస్తే 189.8. సరిగ్గా 9 నడిబొడ్డున! ఎఫ్ఎం బలానికి యాంప్ ఉక్కిరిబిక్కిరై లోపల ఈ రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో దాని నకలు) పుట్టిస్తోందని తేల్చుకుని, ఎఫ్ఎంను ఆపే ట్రాప్ తెప్పించాను. 39 కాస్తా 40 అయింది. యాంప్ తీసేసి ట్రాప్ ఒక్కటే పెడితే 44. రేడియో పగలు కూడా మోగుతుంది కదా, మరి పగలు 91 ఎలా వస్తోంది?

నాలుగోది కేబుల్. అటక నుంచి హాలు దాకా 17 మీటర్ల ఆర్‌జీ6 కొత్తది లాగి, చివరలు మళ్ళీ కట్టాను. తేడా సున్నా. ఆదివారమంతా అటకలో మోకాళ్ళ మీద పాకడమే మిగిలింది.

కొత్త తరం డిజిటల్ టీవీ పద్ధతి ఏటీఎస్‌సీ 3.0కి ట్యూనర్ కొనమని ఇద్దరు మిత్రులు చెప్పారు. 9ని నేను పట్టేది పాత 1.0లో, కొత్త ట్యూనర్‌తో ఈ జబ్బు పోదు. పైగా 3.0లో చాలా స్టేషన్లు ఎన్‌క్రిప్షన్ తాళం వేస్తున్నాయి. అందరి గాలిలో అందరికీ పంపే బొమ్మకు తాళమేమిటో నాకు మింగుడుపడదు. కొనను.

నవంబర్ 22, శనివారం

దొరికింది! దొరికించింది అమ్మ.

గురువారం సాయంత్రం అమ్మ దేవుడి మూల దీపం వెలిగించి వచ్చి కూర్చుంది, ఎదురుగా 9.3 విరిగిపోయింది. "ఒరేయ్, నేను దీపాలు పెట్టే వేళకే పోతోంది రా ఇది. నేనొచ్చిన కొత్తలో ఏడు దాటాక పోయేది. ఇప్పుడు ఐదు కాకుండానే పోతోంది" అంది.

నేను గడియారం చూస్తూ వచ్చాను, ఆవిడ పొద్దు చూస్తూ వచ్చింది. నవంబర్ 2న గంట వెనక్కి జరిపాం కాబట్టి అంకెలు కలగాపులగమై నాకు వరస కనబడలేదు. రికార్డింగుల చిట్టా తీశాను. సెప్టెంబర్ 20న పొద్దు గుంకింది 7:10కి, తప్పులు మొదలైంది 7:26కి. అక్టోబర్ 15న 6:22, 6:39. నవంబర్ 15న 4:33, 4:49. ప్రతిసారీ పదహారు, పదిహేడు నిమిషాలు. ఇంకో సంగతి, పది తర్వాత మేం టీవీ చూడం కాబట్టి రాత్రికి సర్దుకుంటోందనుకున్నాను. కాదు. పాప కోసం తెల్లవారుజామున చేసిన రికార్డింగులు కూడా పాడయ్యాయి, పొద్దు పొడిచాకవి బాగున్నాయి.

పొద్దుతో పాటు వెలిగి పొద్దుతో పాటు ఆరేది మా ఇంట్లో ఒకటే ఉంది. ఆగస్టు ఆఖరున గరాజ్ ముందు రెండు, గుమ్మం పక్కన ఒకటి ఎల్ఈడీ బల్బులు పెట్టాను, చీకటి పడగానే వాటంతటవే వెలిగేవి.

శనివారం ఉదయం 11 గంటలకు, మంచి వెలుతురులో, స్టూలు ఎక్కాను. బల్బు మెడ దగ్గర ఆవగింజంత కన్ను ఉంటుంది, దానితోనే అది పగలూ రాత్రీ పోల్చుకుంటుంది. ఎడమ చేతిలో ఫోన్, అందులో 9 క్వాలిటీ 91. కుడి బొటనవేలితో కన్ను మూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టేసరికి బల్బు వెలిగింది, అదే క్షణంలో 91 కాస్తా 70 అయింది. వేలు తీశాను. ఆరింది. 91. మళ్ళీ మూశాను. 70. చేతులు వణికాయి నాకు. మూడింటికీ నల్ల టేపు చుట్టాను: 70, 58, 46. లోపలి నుంచి అమ్మ కేక, "పోయింది రా!" నా జీవితంలో ఆ మాటకు ఇంత సంతోషపడింది లేదు.

బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌కు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ (యూఎస్‌బీలో పెట్టే చిన్న రేడియో రిసీవర్) తగిలించి, దాని కడ్డీ 38 సెం.మీ. లాగి 189 మెగాహెర్ట్జ్ దగ్గర చూశాను. మూడు బల్బులు వెలిగితే రొద 9 డెసిబెల్స్ (డీబీ) పైకి లేస్తోంది. బల్బు లోపలి చిన్న సర్క్యూట్ కరెంటును సెకనుకు వేలసార్లు తెంపుతూ కలుపుతూ ఉంటుంది. సరైన ఫిల్టర్ లేకపోతే ఆ చప్పుడు వీహెచ్‌ఎఫ్ దాకా పాకుతుంది, గోడల్లోని వైరే దానికి యాంటెనా అవుతుంది. గరాజ్ వైరు మా అటక యాంటెనాకు సరిగ్గా ఒకటిన్నర మీటరు కింద పోతోంది. యూహెచ్‌ఎఫ్ దాకా ఆ రొద పెద్దగా ఎక్కదు, అందుకే 4, 5, 7 చెక్కుచెదరలేదు. మొత్తానికి సిగ్నల్ తక్కువై కాదు, రొద ఎక్కువై పోతోంది. ప్రీయాంప్ పెట్టి నేను చేసింది ఆ రొదను కూడా పెంచడమే.

పాత 40 వాట్ల ఫిలమెంట్ బల్బులు డబ్బాలో ఉంటే అవే పెట్టాను. ప్రీయాంప్ పీకేశాను. రాత్రి క్వాలిటీ 83. పదకొండు గంటల దాకా చూసినా బొమ్మలో ఒక్క గడి రాలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

మళ్ళీ మొదలైంది.

థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం, నవంబర్ 29 నుంచి రాత్రి 83 ఉండాల్సింది 57కి పడింది. మధ్యమధ్య 49, అప్పుడు సింబల్ 100 నుంచి జారి బొమ్మ ఒక్క క్షణం పగులుతుంది. ముందటి అంత ఘోరం కాదు కానీ, నిమిషానికి ఒకటి రెండుసార్లు పగిలితే మాట మధ్యలో తెగిపోతుంది. ఈసారి వరస వేరు. మొదలయ్యేది 4:40 ప్రాంతంలో, ఆగేది మాత్రం రాత్రి సరిగ్గా 10కి. టైమరు ఉన్న వస్తువేదో అయ్యుండాలి.

బుధవారం రాత్రి అందరికీ ముందే చెప్పి మెయిన్ బ్రేకర్ ఆపేశాను. ఇల్లంతా చీకటి, అమ్మ టార్చి పట్టుకుంది. అటక కేబుల్‌ను నేరుగా ఎస్‌డీఆర్‌కు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద. రొద 1 డీబీ తగ్గింది, అంతే. అంటే మా ఇంటిది కాదు. ల్యాప్‌టాప్ పట్టుకుని పెరటి చుట్టూ నడిచాను. పడమర కంచె దగ్గర మామూలే. తూర్పు కంచె దగ్గర 6 డీబీ ఎక్కువ. తూర్పు పక్కింటి చూరు పొడుగునా పండగ దీపాల తోరణాలు వెలుగుతున్నాయి. రేపు అవేనని తేలవచ్చు, వాళ్ళ గరాజ్‌లో ఇంకేదైనా కావచ్చు. దాన్ని ఆపి చూడకుండా ఏదీ తేలదు. బల్బుల విషయంలో నేను నేర్చుకున్నది ఆ బొటనవేలి పరీక్షే.

పక్కింటి పెద్దాయన మంచివాడు, ఆగస్టులో బుట్టెడు ప్లమ్ పళ్ళు తెచ్చిచ్చాడు. ఆ దీపాలు తీసేయమని అడగను, మా పాపకు అవంటే ఇష్టం. రెండు నిమిషాలు ఆపమంటాను, నేను ఫోన్‌లో అంకె చూస్తాను. అవే అయితే, తీగలో పాకే రొదను అణిచే ఫెరైట్ రింగులు, 31 రకంవి, నాలుగు నా దగ్గరున్నాయి, ప్లగ్గు దగ్గర తీగకు నేనే బిగించి వస్తాను. ప్లాస్టిక్ సంచుల్లో దొరికే ఊరూపేరూ లేని ఫెరైట్ ముక్కలు ఈ ఫ్రీక్వెన్సీకి పనిచేస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు, రకం రాసి ఉన్నవే కొనండి. "ఉత్త చేతులతో వెళ్ళకు" అని అమ్మ సున్నుండలు డబ్బాలో సర్దింది.

అది కాకపోయినా అయినా, యాంటెనాను అటక నుంచి బయటికి తేవాలని మాత్రం నిశ్చయించుకున్నాను. హై వీహెచ్‌ఎఫ్‌కు (వీహెచ్‌ఎఫ్‌లో 9, 11 వచ్చే పై భాగం) విడిగా ఒక యాగీ, అంటే ఒకే దిక్కుకు గురిపెట్టే కడ్డీల యాంటెనా, స్టెల్లార్ ల్యాబ్స్‌ది చూసిపెట్టాను. దక్షిణపు గోడ కొసన, 207 డిగ్రీలకు. రొద తూర్పు నుంచి వస్తోంది కాబట్టి యాగీకి అది పక్కవాటు అవుతుంది, చాలా భాగం దానంతటదే తగ్గాలి. క్లియర్‌స్ట్రీమ్ యూహెచ్‌ఎఫ్‌కు అటకలోనే ఉంటుంది, రెండింటినీ యూహెచ్‌ఎఫ్-వీహెచ్‌ఎఫ్ కంబైనర్‌తో కలపాలి. మామూలు స్ప్లిటర్‌ను తిరగేసి కలపవద్దు, ఊరికే 3 డీబీ పైన పోతుంది.

మా కాలనీ సంఘం రూల్సులో బయట యాంటెనా పెట్టకూడదని ఉంది. కానీ 1996 నుంచి ఉన్న ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాలను నియంత్రించే సంస్థ) నియమం ప్రకారం సొంతింటి మీద టీవీ యాంటెనాను సంఘాలు నిషేధించలేవు. మాస్టు (యాంటెనా నిలబెట్టే గొట్టం) ఇంటికప్పు మీద 12 అడుగులు దాటితేనే అనుమతుల ప్రశ్న వస్తుంది, నాది 4 అడుగులే. ఆ కాగితం ప్రింటు తీసి మర్యాదగా ఒక ఉత్తరంతో కలిపి పంపాను.

యాగీ ఫొటో చూపిస్తే అమ్మ వెంటనే పోల్చుకుంది. "మన తెనాలి మేడ మీది ఏరియలే కదరా ఇది!" అంది. నిజానికి పెద్ద తేడా లేదు. మన దగ్గర దూరదర్శన్ వాడిన బ్యాండ్ 3 174 నుంచి 230 మెగాహెర్ట్జ్, ఇక్కడి హై వీహెచ్‌ఎఫ్ 174 నుంచి 216. కడ్డీల పొడవు ఇంచుమించు ఒకటే. నాన్న గొట్టం పట్టుకుని తిప్పేవారు, మెట్ల మీద అక్క, హాల్లో నేను, "వచ్చిందా?" "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు!" ఈసారి పైన నేను, కింద పాప.

యాగీ వచ్చేలోపు ఒక పరీక్ష చేస్తాను. అర అంగుళం రాగి గొట్టం గరాజ్‌లో ఉంది. 37.5 సెం.మీ. ముక్కలు రెండు కోసి, మధ్యలో వాటిని కేబుల్‌కు జతకుదిర్చే 75 ఓమ్‌ల బాలన్ పెట్టి, కర్రకు కట్టి బయట దక్షిణపు గోడ దగ్గర నిలబెడతాను. డైపోల్ ఒక కొసను తూర్పుకు చూపిస్తే అటు రొద వినబడకూడదు, అప్పుడు టవర్ వైపు కొంచెం వాలుగా ఉంటుంది, ఆ నష్టం భరించవచ్చు. రాత్రి 57 ఎంతకు ఎక్కుతుందో చూడాలి. 70 దాటితే యాగీ ఆర్డర్ పెట్టేస్తాను. పక్కింటికి మాత్రం రేపు సాయంత్రమే, దీపాలు వెలిగాక వెళ్తాను.