ఒక డబ్బానా, రెండు డబ్బాలా: ముసురు పట్టిన మంగళవారం

కార్తీకం, మంగళవారం. కోవూరు.

తెల్లారుజాము నుంచి ముసురు. పెన్న వైపు నుంచి చెమ్మగాలి నేరుగా మా పాలిష్ షెడ్డులోకి కొడుతోంది. గోడకు తగిలించిన మీటరు గాలిలో తేమ 88 శాతం చూపిస్తోంది. 85 దాటితే స్ప్రే గన్ చేత పట్టకూడదు. కాబట్టి ఇవాళ పాలిష్ కోటు లేదు. ఎమ్రీ పట్టడం (గరుకు కాగితంతో చెక్కను రుద్దడం), డబ్బాలు సర్దుకోవడం, లెక్కలు వేసుకోవడం, అంతే.

అల్లూరు ఇంటి సామాను మూడు రకాలుంది: ఆరడుగులకు మూడడుగుల టేకు భోజనాల బల్ల, తూర్పు వాకిలి తలుపు, తాతల నాటి బీరువా. పది గంటలకు ఆ ఇంటాయన ఫోను. అడిగింది టూ ప్యాక్ గురించి, అంటే రెండు డబ్బాల సరుకు కలిపి కొట్టే పాలిష్. ఒకే డబ్బాది సింగిల్ ప్యాక్.

“అన్నా, అన్నిటికీ టూ ప్యాకే కొట్టేయండి. మళ్లీ మళ్లీ పెట్టుకోలేం.”

“బల్లకు కొడదాం అబ్బయా. తలుపుకొద్దు.”

“ఏందన్నా, ఎండకూ వానకూ ఉండేది తలుపే గదా!”

అడగాల్సిన మాటే అడిగాడు. గట్టిదనం ఒక్కటే చూస్తే అతనిదే రైటు. కానీ పాలిష్ ఎంచేటప్పుడు ముందు చూడాల్సింది గట్టిదనం కాదు. నాలుగేళ్ల తర్వాత ఆ పొర పాడైనప్పుడు దాన్ని బాగుచేసేది ఎవరు, ఎట్లా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ లాంటి సింగిల్ ప్యాక్ కేవలం థిన్నర్, అంటే పలచన చేసే ద్రవం, ఎగిరిపోయి ఆరుతుంది. పదేళ్ల తర్వాత థిన్నర్ తగిలినా మళ్లీ కరుగుతుంది. అందుకే కొత్త కోటు పాత కోటును కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది. గీత పడితే ఆ మేర రుద్ది కొడితే అతుకు కనపడదు. టూ ప్యాక్ పీయూలో (పాలియురేతేన్) బేసూ, అంటే అసలు పాలిష్, దాన్ని గట్టిపరిచే హార్డెనరూ ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వల ఇక థిన్నర్‌కు కరగదు. బల్ల మీద చేపల పులుసు ఒలికినా, వేడి గిన్నె పెట్టినా, శానిటైజర్ చుక్క పడినా తట్టుకునేది అందుకే. ఎన్‌సీ కొట్టిన బల్ల మీద వేడి గిన్నె పెట్టి చూడండి, తెల్లటి చక్రం మిగులుతుంది. మరి ఆ వలకు గీత పడితే? కొత్త కోటు పాతదానిలో కలవదు, మీద కూర్చుంటుంది, అంతే. రుద్దిన చోట అంచు చుట్టూ మేఘంలా గీత తేలుతుంది. చెయ్యెడు మచ్చకు బల్ల మొత్తం 320 నంబరు ఎమ్రీ పట్టి మళ్లీ కొట్టాల్సిందే. వెనీర్ (ప్లై మీద అంటించే పలచని చెక్క పొర) అయితే ఇంకా కష్టం. దాని మందం సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటూ; పొర తీయబోతే కింద ప్లై బయటపడుతుంది.

అందుకని బల్లకు టూ ప్యాక్. దాని ఎమ్రీ ఇవాళ పూర్తయింది: 120, 180, 240, అన్నీ చెక్క నార వెంటే. అడ్డంగా ఒక్క గీత పడినా ఇప్పుడు కనపడదు, రంగు పెట్టాక కనపడుతుంది. చెక్క తేమ కొలిచే మీటరు సూదులు గుచ్చితే 13 శాతం చూపించింది, పర్వాలేదు. 18, 20 చూపించే పచ్చి చెక్క మీద పీయూ కొడితే లోపలి తేమ బయటికొస్తూ బుడగలు లేపుతుంది. హార్డెనర్‌లోని ఐసోసయనేట్‌కు నీళ్లు దొరికితే బేస్‌ను వదిలేసి నీళ్లతో కలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బుడగ అదే. ఈ వానల్లో కంప్రెషర్ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. గంటకోసారి కింది బిరడా తిప్పి వదలకపోతే ఆ నీళ్లు గన్‌లోంచి తుంపరగా వచ్చి సూదిమొన బెజ్జాలు పడతాయి. తర్వాత అందరూ సరుకును తిడతారు.

కలపడం గురించి రేపు కుర్రాళ్లకు మరోసారి చెప్పాలి, కాబట్టి ఇక్కడే రాసిపెట్టుకుంటే నయం. మన దగ్గరున్న డబ్బా మీద బేస్, హార్డెనర్ 2:1, థిన్నర్ 20 నుంచి 30 శాతం. బల్ల పైభాగానికి ఒక కోటుకు గాల్లో పోయేదీ కలుపుకుని పావు లీటరు పడుతుంది. బేస్ 140 మిల్లీలీటర్లు, హార్డెనర్ 70, థిన్నర్ 50. గీతలున్న ప్లాస్టిక్ కప్పులోనే కొలవాలి. కంటి అంచనాతో ‘ఒక మూత’, ‘రెండు మూతలు’ వద్దు. కొన్ని డబ్బాల మీద పాళ్లు మిల్లీలీటర్ల లెక్కన ఉంటాయి, కొన్నిటి మీద బరువు లెక్కన. ఆ ముక్క చదవకుండా మూత తీయొద్దు. కప్పు అడుగూ అంచులూ గీకుతూ మూడు నిమిషాలు కలిపి, పది నిమిషాలు వదిలేసి, నైలాన్ గుడ్డలో వడకట్టి గన్‌లో పోయాలి.

హార్డెనర్ తక్కువైతే వారం తర్వాత కూడా గోరు దిగుతుంది. ‘గట్టిగా రావాలి’ అని ఇంకాస్త పోస్తే పొర పెళుసెక్కి అంచుల్లో చిట్లుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, పీయూ థిన్నర్ అయిపోయిందని పక్కనున్న ఎన్‌సీ థిన్నర్ పోయడం. ఎన్‌సీ థిన్నర్‌లో ఆల్కహాలు ఉంటుంది, అదే ముందు హార్డెనర్‌ను తినేస్తుంది. ఆ రోజుకు మెరుపు బాగానే ఉంటుంది, మర్నాడు వేలిముద్ర పడుతుంది. రెండు థిన్నర్లూ చూడ్డానికి నీళ్లలాగే ఉంటాయి కాబట్టి క్యాన్ల మెడకు ఎర్ర గుడ్డ, తెల్ల గుడ్డ కట్టించాం.

కలిపిన సరుకు ఎంతసేపు నిలుస్తుందో డబ్బా మీద రాసేది సాధారణంగా 25 డిగ్రీల లెక్క. పది డిగ్రీలు పెరిగితే ఆ టైము సగానికి పడిపోతుంది. రోహిణి కార్తెలో ఈ రేకుల షెడ్డు కింద మూడు గంటలన్నది గంట కూడా ఆగదు, గన్‌లోనే జిగురెక్కుతుంది. ఎండాకాలంలో మరో తంటా, చినుకు చెక్కను చేరేలోపే ఆరిపోయి పొర బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది. దానికి మందు థిన్నర్ ఎక్కువ పోయడం కాదు. నెమ్మదిగా ఎగిరే థిన్నర్ వాడాలి, పొద్దున తొమ్మిదిన్నర లోపు కొట్టేయాలి.

సీలర్ (చెక్క రంధ్రాలు మూసే అడుగు కోటు) రెండు కోట్లు, పైకోటు రెండు. కోటుకూ కోటుకూ మధ్య ఒక రాత్రి గడిచిందంటే 320 తప్పనిసరి. మెరుపు పూర్తిగా చావాలి. పాత కోటు కరగదు కాబట్టి కొత్తది పట్టుకోవడానికి గరుకు ఒక్కటే ఆధారం. ఇది మానేసిన బల్లల మీద పొర ఉల్లిపొరలా ఊడొస్తుంది.

ఇక తలుపు. ఎండకు చెక్క ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. చట్రమూ పలకా కలిసే జాయింటు దగ్గర ఆ కదలిక ఎక్కువ. గట్టి పొర అక్కడే చిట్లుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు పొర కిందికి దిగి తెల్లగా పాకుతాయి, తర్వాత పెళ్లలు లేస్తాయి. మంచి టూ ప్యాక్ బయట నిలవదని కాదు. సూర్యకాంతికి పసుపెక్కని అలిఫాటిక్ హార్డెనర్‌తో బయటి రకం వస్తుంది, ఖరీదు ఎక్కువ. లోపలి సామానుకు వాడే అరోమాటిక్ హార్డెనర్ తూర్పెండకు పసుపెక్కుతుంది. ఎంత మంచిదైనా ఒకచోట చిట్లితే తలుపు ఊడదీసి పొరంతా గీకాల్సిందే, అల్లూరు నుంచి మళ్లీ ఇక్కడికి మోయాల్సిందే. బయటి రకం సింగిల్ ప్యాక్ వార్నిష్ కాస్త సాగుతుంది. రెండు మూడేళ్లకోసారి తలుపు ఉన్నచోటే 220 పట్టి, దుమ్ము తుడిచి, బ్రష్షుతో ఒక కోటు వేసుకోవచ్చు. ఇంట్లోవాళ్లే చేసుకోగల పని అది.

గడపకు మాత్రం ఏ పొరా వద్దని గట్టిగా చెప్పాను. శుక్రవారం పసుపు రాస్తారు, నీళ్లతో కడుగుతారు, ఈ నెలంతా దీపాలు పెడతారు. నూనె, వేడి, తడి అన్నీ దాని మీదే. ఏడాదికి రెండుసార్లు నూనె పట్టిస్తే చాలు.

సింగిల్ ప్యాక్ అనే మాట ఒకటే గానీ డబ్బాలో సరుకు ఒకటి కాదు. ‘పీయూ’ అని పెద్దక్షరాల్లో ఉన్నా సరే, లేబుల్ మీద థిన్నర్ ఏమని రాశారో చూడండి. టర్పెంటైన్ అని ఉంటే అది నూనె కలిసిన రకం, గాల్లో ఆక్సిజన్‌తో ఆరుతుంది. నీళ్లు అని ఉంటే నీటి రకం. వాసన తక్కువ, ముసురులో ఆరడం చాలా నెమ్మది. ప్రత్యేకంగా పీయూ థిన్నరే వాడమని ఉంటే చాలావరకు గాలి తేమతో గట్టిపడే రకం. మూత తీసిన డబ్బా మన సముద్రపు గాలికి నాలుగు రోజుల్లో మీగడ కడుతుంది. నూనె రకానికి టేకుతో పేచీ ఉంది. టేకులో సహజంగా ఉండే నూనె దాన్ని ఆరనివ్వదు, మూడు రోజులైనా చేతికి అంటుతుంది. కోటుకు ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరీ ఆరగానే మొదటి కోటు పలచగా వేయాలి. పొద్దున తుడిచి సాయంత్రం వేస్తే లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది.

బీరువా సంగతి తేలికే. పాతది, లోపల లక్క పాలిష్ ఉంది, గీతలు పడుతూనే ఉంటుంది. పాత పొర స్పిరిట్ గుడ్డతో తీసేసి ఎన్‌సీ. కానీ ఈ వాతావరణంలో కాదు. థిన్నర్ ఎగిరేటప్పుడు పొర చల్లబడి, గాల్లో తేమ దాని మీద మంచులా దిగుతుంది, పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఆగలేని పనైతే 5 నుంచి 10 శాతం రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలుపుతారు. ఇప్పటికే తెల్లబడితే భయం లేదు, పొడి రోజున రిటార్డర్ కలిపిన థిన్నర్ పలచగా కొడితే పొర కరిగి తేమ వదిలేస్తుంది. ఎన్‌సీలో ఇదో సుఖం, తప్పు చేసినా దిద్దుకోనిస్తుంది.

మెలమైన్ అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అదీ రెండు డబ్బాలదే, యాసిడ్‌తో గట్టిపడుతుంది. ధర పీయూ కన్నా తక్కువ. మందంగా కొడితే పగుళ్లిస్తుంది, ఫార్మాల్డిహైడ్ ఘాటు రోజుల తరబడి ఉంటుంది. పిల్లలు పడుకునే గదికి నేనైతే వద్దంటాను.

మధ్యాహ్నం ఉదయగిరి చెక్క గరిటెల మీద మెరుపుకు పీయూ కొట్టొచ్చా అని ఒకరు అడిగి వెళ్లారు. వేడి గిన్నెలో తిప్పే గరిటెకు పొర ఎందుకు? రాసుకుంటే వంటనూనె చాలు.

మాస్కుల పెట్టె కూడా చూశాను. ఉన్నవి దుమ్ము మాస్కులే. ఎమ్రీకి చాలుతాయి, ఐసోసయనేట్ తుంపరకు ఏమాత్రం చాలవు. ఆర్గానిక్ ఆవిరి కాట్రిడ్జ్, దాని ముందు సన్న కణాలను ఆపే ఫిల్టర్ ఉన్నది కావాలి. ఒకసారి ఊపిరితిత్తులకు పడకుండా పోయిందంటే ఆ మనిషి జన్మలో మళ్లీ టూ ప్యాక్ దగ్గరికి రాలేడు, వాసన తగిలినా ఆయాసమే. రెండు సెట్లు నెల్లూరు నుంచి తెప్పించాలి. అవి వచ్చాకే బల్లకు కోటు.

సాయంత్రం డబ్బాలు తిరగేస్తే హార్డెనర్ డబ్బా ఒకటి మూత ఉబ్బి ఉంది, లోపల సరుకు తెల్లగా గడ్డ కట్టింది. మూత అంచు తుడవకుండా మూశారు, తేమ దూరింది. సగం డబ్బా దండగ. మిగిలినవాటి అంచులు తుడిచి, ఉన్న సరుకుకు సరిపడే చిన్న సీసాల్లోకి మార్చి, తేదీ రాసి పెట్టాను. వార్నిష్ నూనె అంటిన గుడ్డలు కుప్పగా వేసి ఉంటే తీసి తీగ మీద విడివిడిగా ఆరేశాం. ముద్దగా వదిలేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు.

ఆరు గంటలకు మీటరు 91. రేపూ ఎమ్రీనే.