జైల్లో ఉన్న తమ్ముడికి మందులు అందేదాకా

మా పిన్ని కొడుకు ఇంగ్లండ్‌లోనే పుట్టి పెరిగాడు. ఇరవై కూడా నిండలేదు. డిప్రెషన్‌కి ఎప్పటినుంచో మందులు వాడుతున్నాడు, బొమ్మల పిచ్చి అంతకంటే పాతది. రైలు పెట్టెల మీద గ్రాఫిటీ వేస్తూ దొరికిపోయాడు. అక్కడ నష్టం 5,000 పౌండ్ల లోపయితే మేజిస్ట్రేట్ కోర్టులోనే తేలిపోతుంది, మూడు నెలలకు మించి జైలు ఉండదు. అది దాటితే క్రౌన్ కోర్టు దాకా వెళ్లొచ్చు, చట్టంలో పదేళ్ల వరకూ ఉంది. పెట్టెలు కడిగించిన ఖర్చులన్నీ కలిపేసరికి వీడిది దాటిపోయింది. 2011లో లండన్ అంతా గోడల మీద 'టాక్స్' (TOX) అని తన మారుపేరు రాసినతనికి 27 నెలల జైలు వేశారని లాయర్ ముందే చెప్పారు కాబట్టి మేం సిద్ధపడే ఉన్నాం. నా బాధ శిక్ష గురించి కాదు, లోపల వాణ్ణి చూసుకున్న తీరు గురించి.

కోర్టు నుంచి జైలుకి ఖైదీతోపాటు ఒక రికార్డు వెళ్తుంది. వీడు ఇంతకుముందు తనకి తాను హాని చేసుకున్నాడని అందులో స్పష్టంగా ఉంది. చేర్చుకునే రోజు నర్సు ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడుగుతుంది కదా, అప్పుడు ఆ కాగితం ఎవరూ చదవలేదు. బయటి డాక్టర్ నుంచి కన్ఫర్మ్ అయ్యాకే మందులు ఇస్తామన్నారు. ఇక అంతే, మందులు ఆగిపోయాయి. "అక్కా, డాక్టర్ కావాలని స్లిప్ రాసి బాక్సులో వేశాను, మళ్లీ వేశాను, ఎవరూ పిలవట్లేదు" అన్నాడు ఫోన్‌లో. ఆ గొంతు వింటే పిన్నికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఖైదీల గురించి భయం ఉంటే ఇంట్లోవాళ్లు చెప్పడానికి జైళ్లకి ఒక ఫోన్ లైన్ ఉంటుంది. చేస్తే రికార్డింగ్! మనిషి ప్రాణం గురించి చెప్పాల్సిన మాట మెషీన్‌కి చెప్పాలా? జైలు మెయిన్ నంబర్‌కి చేసి, డ్యూటీలో ఉన్న గవర్నర్, అంటే ఆ సమయానికి జైలు బాధ్యత చూసే అధికారి, కావాలని పట్టుబట్టాను. "మావాడికి ఏసీసీటీ తెరిచారా?" అని అడిగాక గానీ అవతలి మనిషి సరిగ్గా వినలేదు. ప్రాణానికి ముప్పు ఉందనిపించిన ఖైదీకి తెరిచే ఫైలు అది, జైలు సిబ్బందిలో ఎవరైనా తెరవొచ్చు, తెరిచిన 24 గంటల్లో వాడితో కూర్చుని మాట్లాడి సమీక్ష చెయ్యాలి. పేరు, టైము రాసుకుని, అదే మాట మెయిల్ కూడా పెట్టాను.

ఫైలు తెరిచారు. కానీ ములాఖత్‌కి వెళ్తే వాడు చెప్పింది విని ఒళ్లు మండింది. రాత్రిపూట సరిగ్గా గంట గంటకీ తలుపు కిటికీలోంచి టార్చి పడేదట, "బాగున్నావా" అని కూడా అడగకుండా వెళ్లిపోయేవాళ్లట. ఎప్పుడొస్తారో ఖైదీ ఊహించగలిగేలా చూడటం వల్ల ఏం లాభం? పోనీ ఇవేమన్నా కొత్తగా బయటపడిన లోపాలా అంటే కాదు. కస్టడీలో తమ ప్రాణం తామే తీసుకున్న 87 మంది యువకుల కేసులు పరిశీలించి, అక్కడి ప్రభుత్వం వేయించిన హారిస్ రివ్యూ అనే సమీక్ష 2015లోనే ఇవన్నీ చెప్పింది.

చివరికి డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కాపీ జతచేసి లాయర్ రాసిన ఉత్తరంతో మందులు మొదలయ్యాయి. అప్పుడు ఫిర్యాదుల పని పట్టుకున్నాం. జైల్లో వైద్యం అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ కిందకి వస్తుంది, కాబట్టి మందుల ఫిర్యాదు వేరు, సిబ్బంది మీద ఫిర్యాదు వేరు. రెండూ కలిపి రాస్తే ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు చూపిస్తారు. కోర్టు నుంచి వచ్చిన రికార్డు చదవలేదని వైద్యం వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. జైలు మాత్రం రూల్స్ ప్రకారమే చేశామంది, అప్పీలుకీ అదే జవాబు. ఆ ఆఖరి జవాబు వచ్చిన మూడు నెలల్లోపు జైళ్ల మీద ఫిర్యాదుల్ని స్వతంత్రంగా విచారించే ప్రిజన్స్ అండ్ ప్రొబేషన్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లాలి. ఇప్పుడు బయటికొచ్చాడు కాబట్టి ఆ ఫిర్యాదు వాడే కూర్చుని రాశాడు, నేను తేదీలు మాత్రం సరిచూశాను.