ఆసు మొలలు

ఆదివారం.

పొద్దున్నే అమ్మను, చిన్నదాన్ని తీసుకుని పోచంపల్లి పోయొచ్చాం. చిన్నదానికి బడిలో పాత వస్తువుల మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలనుకున్నాం. అట్లా ఎప్పుడైనా జరిగిందా!

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచినప్పటి నుంచి ఊరు ఊరంతా మ్యూజియమే అన్నట్టు చూస్తున్నారు వచ్చేవాళ్లు. వినోబా విగ్రహం దగ్గర నాకు తెలిసిన కథ చెప్పాను. 1951 ఏప్రిల్ 18న దళితులు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అక్కడే మొదలైంది. చిన్నది రాసుకుంటూ, "ఎకరం అంటే మన అపార్ట్‌మెంట్ అంత ఉంటదా?" అంది.

ఒక గల్లీలో, తెలిసినవాళ్ల ఇంటి వసారాలో, గోడకు ఆనించి పాత ఆసు కనిపించింది, అంటే చీర నేసే ముందు దారాన్ని చేత్తో మొలల చుట్టూ పోసే చట్రం. ఒక పక్క ఒక్కటే మొల, ఎదురుగా వంపుగా వరుస మొలలు. నాకది భలే అందంగా అనిపించింది, ఫోన్ తీశాను.

అమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. పెళ్లికి ముందు కొయ్యలగూడెంలో ఏళ్ల తరబడి ఆసు పోసిన మనిషి. ఒక్క చీరకు చెయ్యి అటూ ఇటూ 9,000 సార్లు తిరగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ దాకా ఆ యంత్రం రాలేదు, అప్పటికే ఆమె మగ్గాలు వదిలేసి నల్లగొండ వచ్చేసింది.

"నానమ్మా, దీని పక్కన నిలబడవా, ఫొటో!"

"నా కుడి భుజం తిన్నది అదే బిడ్డా. దానితోని ఫొటో ఎందుకు?"

పాతవన్నీ పోతున్నాయని వాపోయే అలవాటు నాకు బాగా ఉంది. ఇది పోయినందుకు మాత్రం నాకేం బాధ లేదు. గోడకే ఆనించి ఉండనీ.

చిన్నది ఊరుకుంటుందా! ఉత్త చేత్తో ఆ మొలల ముందు అటూ ఇటూ తిప్పుతూ లెక్కపెట్టసాగింది. 140 దగ్గర చెయ్యి దించేసింది.

అమ్మ అప్పటికే బయట చెప్పులేసుకుంటోంది.